పేలిక ఎవరు విప్పాలి

ఆ కాగితంలో ఏడు సూచనలు ఉన్నాయి. ఆరోది నేను చెప్పింది. అది గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. మేతాజీ మీద కోపం, గోడకు తగిలించిన ఫోనులో మాట్లాడే యంత్రం మీద కోపం, మా చెల్లెలి బిడ్డ మీద కోపం. అన్నిటికన్నా అడుగున నా మీద నాకు కోపం. అది మాత్రం తొందరగా చల్లారేది కాదు.

మా జిల్లా వదిలి వలస వచ్చిన ఈ టెంఘర్‌లో మేం పనిచేసే కార్ఖానాలో నలభై సాంచాలు ఉన్నాయి. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. నేను సాంచె నడపను. వాటికి కావలసిన కండెలు చుడతాను. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. మా తమ్ముడు రాత్రి పాళీలో అవే సాంచాలు నడుపుతాడు. మేతాజీ అంటే కార్ఖానా గుమస్తా. సేఠ్ నెలకోసారి వస్తాడు. మిగతా రోజులన్నీ మేతాజీయే సేఠ్. ఆయనదీ మా జిల్లాయే. అందుకని మాకేమీ ఒరగలేదు.

నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి. ఒకసారి కండెలు చుట్టే యంత్రం మోటారు కాలిపోయింది. మేతాజీ ఒక కాగితం తెచ్చి వేలిముద్ర పెట్టమన్నాడు. మోటారు కాలిందని రాసుకుంటున్నాడు కాబోలని పెట్టాను. నేనే చూసుకోక కాల్చానని అందులో రాసి ఉందని నెల తర్వాత ఎవరో చదివి చెప్పారు. ఆ వారమే చర్చి వెనక గదిలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు చదువు చెబుతారని విని పోయి కూర్చున్నాను. నా పక్కనున్న వాళ్ళు బైబిలు వాక్యం చదువుకోవడానికి వచ్చారు. నేను మేతాజీ రాసే కాగితాలు చదవడానికి వచ్చాను. పంతులమ్మతో ఆ మాటే అన్నాను.

"ఏ కోపంతోటి వస్తేంది, అక్షరమైతే వస్తది కూసో," అంది ఆమె.

వచ్చింది. రెండేళ్ళు పట్టింది. నాకు రాయడం వచ్చిందని తెలిశాక సాంచాల ఫిర్యాదుల నోటుబుక్కు నా చేతికి వచ్చింది. మేతాజీకి అదొక బరువు, నాకు పట్టాభిషేకం. ఏ సాంచెకు ఏమైంది, ఎవరు చెప్పారు, ఎప్పుడు బాగైంది, అంతా రాసేదాన్ని. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. తప్పు రాస్తే కింద మళ్ళీ రాసేదాన్ని కానీ పైది కొట్టేసేదాన్ని కాదు. కాగితం మీద ఉన్నదాన్ని మాయం చేయడమంటే ఏమిటో నాకు తెలుసు కనుక.

ఆ నోటుబుక్కు పని పోయే రోజు వచ్చింది. సేఠ్ ఒక కొత్త ఏర్పాటు పెట్టించాడు. కార్ఖానా తలుపు పక్కన గోడకు ఒక ఫోను తగిలిస్తారు. సాంచె చెడితే నడిపే మనిషి మీట నొక్కి తన భాషలో చెప్పాలి. వినేది మనిషి కాదు, యంత్రం. అదే ఫిర్యాదు రాసుకుని, నంబరు ఇచ్చి, మిస్త్రీకి కబురు పెడుతుంది. పని అయ్యాక అదే మళ్ళీ ఫోను మోగించి అడిగి, ఫిర్యాదును మూసేస్తుంది. ఈ ఏర్పాటు చేసే కంపెనీకి ఠాణా పట్నంలో ఉన్న ఆఫీసులోనే మా చెల్లెలి బిడ్డ కొత్తగా చేరింది. మా కార్ఖానా పని తనకే పడింది.

శుక్రవారం మాకు సెలవు. ఊళ్ళో సాంచాలన్నీ ఆగిపోయి చెవులు గుయ్యిమంటూ ఉంటాయి. ఆ రోజు పొద్దున్నే పిల్ల ల్యాప్‌టాప్ సంచి భుజానికి వేసుకుని మా గదికి వచ్చింది.

"పెద్దమ్మా, నీ నోటుబుక్కు తియ్యి. ఏజెంట్‌కు కాగితం రాయాలె."

"ఏజెంటెవడే? బీమా ఏజెంటు లెక్కనా?"

"గంతగనం బతిమిలాడది పెద్దమ్మా. ఫోన్ల మాట్లాడే యంత్రాన్నే ఏజెంట్ అంటరు."

"దానికి కాగితమెందుకు? సదువుతదా?"

"మనమెవ్వలం సదవనంత సదువుతది. కని మనలెక్క పక్కోన్ని అడిగి తెల్సుకోదు. కాగితం మీద ఏదుంటె గదే దాని లోకం. సమజ్ అయిందా?"

చాప మీద కూర్చుని వివరించింది. ఫిర్యాదుకు మూడు దశలు. కొత్తది, పని నడుస్తున్నది, మూసినది. ఒక దశ నుంచి ఇంకో దశకు మార్చడానికి ఒక చిన్న పనిముట్టు ఉంది. యంత్రం లోపలే ఉంటుంది, కంటికి కనపడదు. ఫిర్యాదు నంబరు, మార్చవలసిన దశ, ఎందుకు మార్చామో ఒక మాట, ఈ మూడూ ఇస్తే ఆ పనిముట్టు ఫిర్యాదును మార్చేస్తుంది. దాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు ముట్టకూడదు, వాడితే కింద ఏం రాయాలి అని యంత్రానికి చెప్పే కాగితం ఇప్పుడు రాయాలి.

"గిదంత మా ఆఫీసుల పోరగాండ్లు రాస్తరు," అంది. "కని వాళ్ళకు సాంచె ఎట్లుంటదో తెల్వది. ఒకడైతే అది వాషింగ్ మెషిన్ అసోంటిదేనా అని అడిగిండు. నువ్వు చెప్పు, నేను రాస్త."

నేను చెప్పాను. నా బతుకులో అంత సంతోషంగా మాట్లాడిన రోజు ఇంకోటి లేదు. మనిషి చెప్పిన మాటలను మార్చొద్దు అన్నాను. రాసుకుంది. నంబరు రెండుసార్లు చదివి వినిపించాకే ముట్టుకోవాలి అన్నాను. రాసుకుంది. మూసిన ఫిర్యాదును ఎవరు చెప్పినా చెరపకూడదు, కావాలంటే కింద ఇంకో మాట రాయాలి, తిరిగి తెరవాలంటే మొదట ఫిర్యాదు చేసిన మనిషే చెప్పాలి అన్నాను. అది నాలుగో సూచన అయింది. ఆ పిల్ల వేళ్ళు టకటకమంటుంటే నాకు కండెల యంత్రం గుర్తొచ్చింది. ఇదీ చుట్టడమే కదా అనుకున్నాను, దారం బదులు మాటలు.

"ఆరు," అంది పిల్ల. "ఎప్పుడు మూయాలె? మిస్త్రీ అయిపోయిందంటె మూస్తే నడుస్తదా?"

నేను లేచి నిలబడ్డాను. "మిస్త్రీ మాట మీద ఎట్ల మూస్తవే! కూర మంచిగైందా అని వండినోన్ని అడుగుతరా, తిన్నోన్ని అడుగుతరా?"

"భారీ చెప్పినవ్ పెద్దమ్మా!"

కొట్టింది. తెర నా వైపు తిప్పింది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. 'ఫిర్యాదు చేసిన మనిషి స్వయంగా బాగైందని చెప్పినప్పుడే ఫిర్యాదును మూయాలి. ఇంకెవరు చెప్పినా మూయకూడదు.' నేనన్న మాట అచ్చులాంటి అక్షరాల్లో ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడి టీ పెట్టడానికి పోయాను.

ఏడోది ఆ పిల్లే రాసింది. 'అనుమానం ఉంటే ఏదీ మార్చవద్దు, మనిషిని అడగాలి.' అన్ని కాగితాల్లోనూ చివర ఇది ఉంటుందట. బాగుంది అన్నాను. ఆ యంత్రానికి ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

ఆ రోజు అన్నీ చెప్పాను, పేలిక సంగతి తప్ప.

దాచిపెట్టలేదు. నాకు తట్టలేదు. కార్ఖానాలో సాంచె చెడితే నడిపే మనిషి దాన్ని ఆపి, చినిగిన బట్ట పేలిక ఒకటి దాని పైన అడ్డంగా ఉండే పైకమ్మీకి కడతాడు. మిస్త్రీ వచ్చి బాగు చేస్తాడు. మా మిస్త్రీ పెద్దవాడు. కార్ఖానాలో సగం మందికి ఆయనే పని నేర్పాడు. అందరమూ ఉస్తాద్ అంటాం. ఆయన చేతులు తుడుచుకుంటూ "ఎట్లున్నది రా?" అంటే "మస్తుగున్నది ఉస్తాద్" అంటారు. కాలేదు అని ఆయన మొహం మీద అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అనరు. అది కొట్టినదాంతో సమానం. సాంచె బాగు కాకపోతే పేలిక విప్పరు, అంతే. ఉస్తాద్ కూడా ఏమీ అనడు. టీకి వెళ్ళేటప్పుడు పైకమ్మీల వైపు చూస్తాడు. పేలిక ఇంకా ఉంటే, ఏదో మరిచిపోయిన పానా కోసం వచ్చినట్టుగా తిరిగి వచ్చి మళ్ళీ బిగిస్తాడు. నడిపే మనిషి తానుగా పేలిక విప్పినప్పుడే పని అయినట్టు. కట్టిన చెయ్యే విప్పాలి. పాళీ మారితే రెండో పాళీ మనిషి పేలిక చూసి ఆ సాంచె ముట్టుకోడు.

ఇది నోటుబుక్కులో ఎప్పుడూ రాయలేదు. ఎందుకు రాస్తాను? అన్నం నోట్లో పెట్టుకోవాలని ఎవరైనా రాస్తారా? నేను 'బాగైంది' అని రాసుకున్నదంతా పేలిక చూసే. ఎవరి మాటా విని కాదు. కానీ ఆ శుక్రవారం ఎట్లా రాస్తావు అని పిల్ల అడిగితే, "ఎవరు చెప్పిన్రో వాళ్ళనే అడిగి రాస్త," అన్నాను. నేను అబద్ధం చెబుతున్నానని నాకే తెలియదు.

ఫోను వచ్చింది. మేతాజీ బల్ల మీద ఒక తెర కూడా వచ్చింది. మూసిన ఫిర్యాదులు పచ్చగా, మూయనివి ఎర్రగా. తెర అంతా పచ్చగా ఉంటే మేతాజీ మొహం కూడా పచ్చగా ఉండేది. ఉస్తాద్‌కు కూడా ఒక ఫోను ఇచ్చారు. ఎక్కడికి పోవాలో అదే చెప్పేది. సేఠ్‌కు కాశేలి దారిలో ఇంకో కార్ఖానా ఉంది. ఇక్కడ పచ్చగా కాగానే "అక్కడికి పదండి" అనేది. టీ తాగి పైకమ్మీల వైపు చూసే తీరిక ఆయనకు పోయింది. అది మేమెవరం గమనించలేదు. గమనించినా, పచ్చగా ఉంది కదా అనుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దున ఏడు గంటలకు పదకొండో నంబరు సాంచెలో నాడె ఎగిరింది. పోగును అటూ ఇటూ మోసుకుపోయే చెక్క నాడె అది, రెండు కొసలకూ ఇనుప మొనలు. దారి తప్పితే తూటా లెక్క బయటికి వస్తుంది. తమ్ముడి చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది. తమ్ముడు సాంచె ఆపి, నీలం గళ్ళ లుంగీ అంచు చింపి పేలిక కట్టి, ఫోనులో చెప్పాడు. ఉస్తాద్ వచ్చి ఏడున్నర దాకా చూశాడు. ఆయన చేతులు తుడుచుకుంటుండగానే గోడ మీది ఫోను మోగింది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళందరికీ వినపడేంత గొంతు దానిది.

"నమస్కారం. పదకొండో నంబరు సాంచె బాగైందా?"

ఉస్తాద్ పక్కనే ఉన్నాడు. తమ్ముడు ఏమంటాడు?

"ఎట్లగాదు! ఉస్తాద్ చెయ్యి పెట్టినంక ఎట్లగాదు? మస్తుగున్నది!"

"ధన్యవాదాలు," అంది యంత్రం. ఫిర్యాదు మూసేసింది. నా ఆరో సూచన ప్రకారం.

తమ్ముడు పేలిక విప్పలేదు. రెండు నిమిషాలు నడిపి చూశాడు, నాడె ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఆపేసి, పేలిక అట్లాగే ఉంచి, ఎనిమిదింటికి పాళీ దిగి ఇంటికి పోయాడు. ఉస్తాద్‌ను ఫోను కాశేలికి పంపింది. పగటి పాళీలో ఆ సాంచాలు నడిపేది తమ్ముడి జోడీ. ఇద్దరూ పదేళ్ళుగా ఒకే సాంచాలను రాత్రీ పగలూ పంచుకుంటున్నారు. ఆ రోజు అతను పావుగంట ఆలస్యంగా వచ్చాడు.

ఆ పావుగంటలో నేను కండెల బుట్ట ఎత్తుకుని లోపలికి వచ్చాను. మేతాజీ పదకొండో సాంచె దగ్గర కత్తెర పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్ మేతాజీ?"

"సేఠ్ చుట్టాలను, పావునాలను తోల్కొని వస్తుండు అక్కా. పీనుగ మీద గుడ్డల లెక్క గీ పేలికలేంది? పదకొండు పచ్చగున్నది చూడు. క్లోజ్ అయింది. నీ బిడ్డ రాసిన కాగితమే గద, నమ్మవా?"

నేను తెర వైపు చూశాను. పచ్చగా ఉంది. కట్టిన చెయ్యే విప్పాలి అని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నా కాగితం మీద నాకు గర్వం. ఆయన 'నీ బిడ్డ' అన్నప్పుడు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు బాగా అనిపించింది. బుట్ట దించుకుని నా పనికి పోయాను. కత్తెర చప్పుడు వినిపించింది.

తొమ్మిదిన్నరకు నాడె మళ్ళీ ఎగిరింది. ఈసారి గోడకు తగల్లేదు. తమ్ముడి జోడీకి కంటి కింద ఎముక మీద తగిలింది.

దవాఖానకు తీసుకుపోయారు. ఐదు కుట్లు పడ్డాయి. కన్ను పోలేదు. ఆ మాటే అందరూ అన్నారు. "కన్ను పోలే గద." మేతాజీ అన్నాడు, వచ్చిన పావునాలు అన్నారు, చివరికి మా వాడకట్టు ఆడవాళ్ళు కూడా అన్నారు. కన్ను పోకపోతే పండగ చేసుకోవాలా? రెండు వేళ్ళ మందం పైన తగిలి ఉంటే అప్పుడు మాట్లాడదామా?

మరునాడు పొద్దున తమ్ముణ్ణి మేతాజీ బల్ల దగ్గరికి పిలిచాడు. కార్ఖానా అంతా చూస్తుండగా ఫోనులోని రికార్డు వినిపించాడు. "ఎట్లగాదు! మస్తుగున్నది!" అని తమ్ముడి గొంతు. నవ్వు కూడా ఉంది అందులో.

"నీ నోటితోటి నువ్వే చెప్పినవ్. చెడిపోయిన సాంచెను మంచిగున్నదని చెప్పి జోడీకి అప్పజెప్పి పోయినవ్. సేఠ్ ఒక్కటే అన్నడు, అబద్ధాలాడెటోడు వద్దని. వచ్చే శుక్రవారం దాక టైము. వేరే కార్ఖానా చూసుకో."

"నేను పేలిక కట్టిన మేతాజీ."

"ఏ పేలిక? ఎక్కడున్నది? రికార్డుల ఉన్నదా?"

పని పోవడం ఒక ఎత్తు. టెంఘర్‌లో వంద కార్ఖానాలు ఉండొచ్చు, కానీ జోడీ కన్ను మీదికి తెచ్చిన మనిషి అనే పేరుతో ఎక్కడికి పోయినా ఎవడు పక్కన నిలబడతాడు? అప్పటికే జోడీ ఇంటివాళ్ళు మా ఇంటి ముందు నుంచి మొహం తిప్పుకుని పోతున్నారు.

నేను ముందుకు వచ్చాను. "పేలిక నువ్వే కోసినవ్. నేను చూసిన."

"చూసినవా? మరి అప్పుడేమన్నవ్ అక్కా?"

ఏమీ అనలేదు. అదే నిజం. ఆ ఒక్క ప్రశ్నకు నేను చచ్చేదాకా జవాబు చెప్పుకోలేను. ఆయనకు అది తెలుసు. అడిగి కుర్చీలో వెనక్కి వాలాడు.

పిల్లకు ఫోను చేసి అరిచాను. సాయంత్రమే వచ్చింది. చెప్పులు విడవకముందే మొదలుపెట్టాను.

"ఏం రాసినవే కాగితం! మనుషులను చంపే కాగితం రాసినవ్!"

"నేను రాసిన్నా? కూర, వండినోడు, తిన్నోడు అని ఎవలు చెప్పిన్రు? నువ్వు చెప్పినట్టే గద అది చేసింది. మామను అడిగింది. మామ మంచిగున్నదన్నడు."

"ఉస్తాద్ పక్కన నిలబడ్డంక ఇంకేమంటడే! పేలిక కట్టి ఉన్నది గద!"

"పేలిక పేలిక అంటవేంది? నాకు పేలిక సంగతి ఎవలు చెప్పిన్రు? నోటుబుక్కుల ఒక్క కాడ సుత లేదు. మూడు సార్లు సదివిన పెద్దమ్మా, మూడు సార్లు!" పిల్ల భుజం మీది సంచి చాప మీద పడేసింది. "నాకు ఆఫీసుల ఇది మొదటి పని."

తర్వాత నేను నోటుబుక్కు తీసి, చివరి పేజీలో పేలిక గురించి రాశాను. ఎవరు కడతారు, ఎందుకు కడతారు, ఎవరు విప్పాలి, ఉస్తాద్ ముందు ఎందుకు చెప్పరు. పేజీన్నర పట్టింది. వాక్యాలు వంకరగా వచ్చాయి. పిల్ల పక్కన కూర్చుని చదివింది.

"ఆఫీసుల నవ్వుతరు," అంది. "యంత్రానికి పేలిక సంగతి రాసుడేందని."

"నవ్వనియ్యి. నవ్వినోన్ని తీస్కొచ్చి పదకొండో సాంచె ముందల నిలబెట్టు."

ఆరో సూచన మళ్ళీ రాసింది. ఫిర్యాదు చేసిన మనిషి నోటిమాట ఒక్కటే చాలదు. సాంచె పైకమ్మీ ఫొటో అడగాలి. పేలిక ఉంటే, ఎవరు ఏమన్నా మూయకూడదు. మిస్త్రీ అక్కడే ఉన్నప్పుడు బాగైందా అని అడగనే కూడదు. పేలిక కట్టిన మనిషి కాక ఇంకెవరైనా దాన్ని తీస్తే అది కొత్త ఫిర్యాదుగా రాయాలి.

"ఇప్పుడు పాతదాన్ని తెరువు," అన్నాను. "పచ్చది ఎర్రగ చెయ్యి. తమ్ముని పేరు బాగు చెయ్యి."

పిల్ల నా మొహం చూసింది. "తెరవరాదు పెద్దమ్మా. నాలుగో సూచన. మొదలు కంప్లెయింట్ చేసిన మనిషే చెప్పాలె. గదీ నువ్వు చెప్పిందే."

మామూలు రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు గిన్నె ఒకటి నేలకేసి కొట్టాను.

మర్నాడు పొద్దున పాళీ మారే వేళ తమ్ముణ్ణి గోడ మీది ఫోను దగ్గరికి లాక్కుపోయాను. ఉస్తాద్ కాశేలికి పోవడానికి సంచి సర్దుకుంటున్నాడు. ఆయన పోయేదాకా ఆగుదామని తమ్ముడు చూపులతో బతిమిలాడాడు.

"ఆగను," అన్నాను. "నువ్వు ఆయన ముందట అబద్ధమాడినవ్. ఆయన ముందటే నిజం చెప్పు."

"అక్కా, ఆయన నాకు పని నేర్పిండే."

"నీ జోడీకి ఎవలు నేర్పిన్రు? ఆయనే గద!"

ఉస్తాద్ విన్నాడు. సంచి కింద పెట్టి వచ్చి, ఎవరూ ఏమీ అనకముందే మీట నొక్కాడు.

"పదకొండు కాలే," అన్నాడు ఫోనులోకి. "నా చేతిల కాలే. పేలిక నేను సుత చూసిన. నన్ను కాశేలికి పొమ్మన్నది, పోయిన. పోకుండ ఉండాల్సి ఉండె."

కార్ఖానాలో సగం సాంచాలు ఆగిపోయాయి. ఆ మాట ఆయన నోటి నుంచి ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ధన్యవాదాలు," అంది యంత్రం. "మీ మాట కింద రాసుకున్నాను. కానీ ఈ ఫిర్యాదును తెరవాలంటే ఫిర్యాదు చేసినవారే చెప్పాలి."

"ఓ నీ అవ్వ!" అన్నాడు ఉస్తాద్. సాంచాల వైపు ఎవరో నవ్వారు. ఆయన పక్కకు జరిగి తమ్ముడి వీపు మీద చెయ్యి వేశాడు. "చెప్పురా. నా మొహం చూడకు, గోడ దిక్కు చూసి చెప్పు."

తమ్ముడు గోడ వైపు చూసి చెప్పాడు. "పదకొండు నంబరు మంచిగ కాలే. ఆనాడు కాలే. నేను అయిందని ఉత్తగనే అన్న. పేలిక కట్టి పోయిన. పేలికను మేతాజీ కోసిండు."

నేను అతని వెనకాలే మీట నొక్కి, నా పేరు చెప్పి, "కోస్తుంటే నేను చూసిన. వద్దనలే," అన్నాను. అదీ రాసుకోమన్నాను.

తెర మీద పదకొండు ఎర్రగా మారింది. మేతాజీ కుర్చీలోంచి లేచాడు.

"నా పేరు ఎందుకు ఎక్కించిన్రు? తీసెయ్యమను!"

"తీసెయ్యరాదు మేతాజీ," అన్నాను. "రాసింది చెరపొద్దని కాగితంల ఉన్నది. నా బిడ్డ రాసిన కాగితమే గద, నమ్మవా?"

సేఠ్‌కు కబురు పోయింది. రికార్డు మొత్తం విన్నాడట. తమ్ముడి పని పోలేదు. మేతాజీ పని కూడా పోలేదు. కత్తెర ఇప్పటికీ ఆయన సొరుగులోనే ఉంది. జోడీ మూడు వారాలకు తిరిగి వచ్చాడు. పదకొండో సాంచె ముందు నిలబడి పైకమ్మీని చేత్తో తడిమి చూసుకుని మొదలుపెట్టాడు. కంటి కింద గీత ఉండిపోయింది. తమ్ముడితో మాట్లాడతాడు. మునుపటి లెక్క జోకులు వేసుకోరు.

ఇవాళ పిల్ల సంబరంగా ఫోను చేసింది. ఇక్కడికి దగ్గర్లోని పూర్ణలో ఒక పెద్ద గోదాముకు తమ ఆఫీసు ఇదే ఏర్పాటు పెడుతోందట. అక్కడ సామాను మోసే పట్టీలు, లిఫ్టులు చెడితే ఇదే యంత్రం ఫిర్యాదులు రాసుకుంటుందట. తను రాసిన కాగితాన్నే అక్కడా వాడుతున్నారట.

"ఏ కాగితం? కొత్త ఆరోది ఉన్నదా?"

"పాతదే పెద్దమ్మా. గోదాముల పేలికలు కట్టరు గద. మా సారు ఆ మాట తీసేయమన్నడు."

నాకు మళ్ళీ చెవులు వేడెక్కాయి. "పేలిక కట్టకపోతే ఇంకేదో చేస్తరు. చాక్‌పీసు గీత పెడ్తరో, చెప్పు తలకిందులు పెడ్తరో, ఏదో ఒకటి. అడిగినవా?"

"అడిగిన. ఏం లేదన్నరు."

"నన్ను అడిగితే నేను చెప్పిన్నా?"

నోటుబుక్కు దగ్గరికి లాక్కున్నాను.

"శుక్రవారం నాకు సెలవు," అన్నాను. "పొద్దున్నే రా. ఇద్దరం పోదాం. పొద్దంత ఆడనే కూసుందాం. ఎవ్వల్నీ ఏమడగొద్దు. ఏదన్న చెడిపోయేదాక చూద్దాం, చెడిపోయినంక వాళ్ళ చేతులేం జేస్తున్నయో చూద్దాం."

"సారు ఒప్పుకోడు పెద్దమ్మా. ఇంకో రెండు రోజులల్ల షురూ చేస్తమన్నరు."

"సారు నంబరియ్యి," అన్నాను.

ఇచ్చింది. నోటుబుక్కులో రాసుకున్నాను. దాని తర్వాతి పేజీకి పైన 'పూర్ణ' అని రాసి, మిగతాదంతా ఖాళీగా వదిలాను. ఇప్పుడు ఆ సారుకు ఫోను చేయాలి.